దేవుడి తలుపుకు నాచారం డ్రిల్లు

ముందే చెబుతున్నాను, ఇది క్షమాపణ కాదు. మా అత్తగారింట్లో దేవుడి తలుపు మాట ఎత్తితే చాలు, ఆడవాళ్ళంతా నావైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. మగవాళ్ళకు కొంగు లేదు కాబట్టి బాహాటంగానే నవ్వుతారు. వాళ్ళు చాలరన్నట్టు ఇప్పుడు మీరూ వచ్చి కూర్చున్నారు. కూర్చోండి. నిక్షేపంలాంటి టేకు తలుపును, అందులోనూ దేవుడి గది తలుపును, పనిలో పేరున్న ఒక మనిషి ఎలా నాశనం చేశాడో, దాన్ని బాగు చేయబోయి మళ్ళీ ఎలా నాశనం చేశాడో అంతా చెబుతాను. తనివితీరా నవ్వుకున్నాక తప్పు ఎవరిదో మీరే తేల్చండి. నాది మాత్రం కాదు.

ఉప్పల్‌లో అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో డ్రిల్లింగ్ మెషిన్ మీద ఉండేవాణ్ణి. ఇనుప పలక ఎంత మందమైనా సరే, నా మెషిన్ కింద పెడితే జున్నుముక్కే. షెడ్డులో అందరూ నన్ను ఉస్తాద్ అనేవారు. ఆ మాట నా నెత్తికెక్కి అక్కడే కాపురం పెట్టింది.

అయితే నాచారంలో ఉస్తాద్‌నైనా ఉప్పల్‌లో, మా అత్తగారింట్లో, నేను ఉత్త చిన్నల్లుణ్ణి. ఆ బాధ మీకు తెలియాలంటే నల్లి సంగతి చెప్పాలి. దావత్ రోజు మటన్ గిన్నెలో నల్లి ఉంటుంది చూశారా, లోపల మూలుగ నిండిన గొట్టంలాంటి ఎముక, అది ఎవరి పళ్ళెంలో పడితే ఆ ఇంట్లో వాడే మొనగాడు. పెళ్ళయిన నాటి నుంచీ అది మా సడ్డకుడు ప్రభాకర్ పళ్ళెంలోనే పడేది. సడ్డకుడంటే నా భార్య లలిత అక్క మొగుడు, ఆ ఇంటి పెద్దల్లుడు. ఆఫీసులో ఫ్యాను కింద ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా. మామ స్వయంగా గరిటె పట్టుకుని "తిను పెద్దల్లుడా" అంటూ నల్లి ఆయనకు వేసేవాడు. గరిటె నా దగ్గరికి వచ్చేసరికి మెడ ముక్క, పులుసు, కాస్త జాలి మిగిలేవి.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మామ చేతిమీదుగా నల్లి నా పళ్ళెంలో పడాలి. నా జీవితాశయం అదీ. నవ్వకండి, మీ ఆశయాలేమిటో నేను అడిగానా?

మామ ఊళ్ళో పొలం అమ్ముకుని ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అన్నీ అమ్మినా పొలం గట్టు మీద తను నాటిన టేకుచెట్టును మాత్రం అమ్మలేదు. కొట్టించి, కోయించి, లారీ మీద తెచ్చి దాంతో దేవుడి గదికి రెండు రెక్కల తలుపు చేయించాడు. ఒకటే చెట్టు, ఒకటే తలుపు. వడ్రంగి పనిచేసే వడ్లాయన తలుపు రెక్కలు నున్నగా తీసి పెట్టాడు. ఇక వాటికి వరసగా రూపాయి బిళ్ళంత రంధ్రాలు పెట్టి, ఒక్కో రంధ్రంలో ఒక్కో చిన్న ఇత్తడి గంట వేలాడదీయాలి. తలుపు తీసినప్పుడల్లా గంటలు గలగలమనాలని మామ కోరిక. రంధ్రాల పని మిగిలి ఉండగా వడ్లాయన బంధువుల పెళ్ళని జనగామ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. గృహప్రవేశం నెత్తి మీదికొచ్చింది.

"మామా, ఫికర్ జెయ్యకు" అన్నాడు ప్రభాకర్. "ఏఎస్ రావు నగర్‌ల రెడీమేడ్ తలుపులు దొరుకుతయి. గంటలు గూడ ఫిట్ జేసే ఇస్తరు. ఆటోల ఏస్కొస్త."

మామ ముఖం వాడిపోయింది. "నా చెట్టు ఉండంగ కొన్న తలుపేంది పెద్దల్లుడా?"

ఇదిగో, ఇక్కడే నా నోరు తెరుచుకుంది. ఆ తెరుచుకోవడం తెరుచుకోవడం, ఇప్పటికీ మూతపడలేదు.

"మామా, ఇనుము కొరికెటోనికి కట్టె ఒక లెక్కనా? ఐతారం షాపుకు తీస్కపోత. గంట సేపట్ల పని ఖతం."

మామ నావైపు చూసిన ఆ చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో మూలన పడి ఉన్న పెట్టెలో హఠాత్తుగా బంగారం కనబడితే ఎలా చూస్తాం, అలా చూశాడు. "జర పైలం అల్లుడా. ఇంకో చెట్టు లేదు" అన్నాడు. ఆ మాటకు నాకు మటన్ వాసన వచ్చింది.

మర్నాడు ఉప్పల్‌లో గంటలకు కొక్కేలు కొందామని హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళాను. దేనికని అడిగాడు కొట్టాయన. చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి డ్రిల్లు మెషిన్‌కు బిగించే బిట్టు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"గిది పెట్టు అన్నా. నడుమ ముల్లు సూడు, గది ముందుగాల జాగ పట్టుకుంటది, బిట్టు అటిటు జరగనియ్యది. అంచుకు గీ కత్తులు సూడు, ఇవి కట్టె నారను గుండ్రంగ కోస్తయి. ఎనకాల లోపటిదంత బయిటికి తీస్తది. హోల్ సాఫ్‌గ వస్తది."

నేను నవ్వాను. ఎలాంటి నవ్వంటే, సముద్రం చూసి వచ్చినవాడు కుంట దగ్గర నవ్వే నవ్వు. "నాకు బిట్టు జూపెడ్తున్నవా అన్నా? నేను నాచారంల డ్రిల్లింగ్ ఉస్తాద్‌ని. నా బిట్టు ఇనుముల పోతది."

"ఇనుముల పోతది గని, కట్టె ఇనుము కాదు గదన్నా. ఇనుముకు నార ఉండది."

"నార ఉన్నదో పీసు ఉన్నదో నేను సూస్కుంట. కొక్కేలు ఇయ్యి."

"సరే. ఒక్క ముచ్చట ఇను. కింద ఇంకో పనికిరాని చెక్క పెట్టి, రెండు గట్టిగ బిగించి కొట్టు. లేకపోతే కిందికెల్లి పెచ్చులు లేస్తయి."

"కొక్కేలు" అన్నాను నేను.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అప్పుడూ మూడే, ఇప్పుడూ మూడే. నాలుగో కాలు చూపిస్తానని ఎవరైనా వస్తే కుందేలును దాచేస్తాను గానీ ఒప్పుకోను.

ఐతారం నాడు ట్రాలీ ఆటోలో తలుపు రెక్కలు వేసుకుని, పక్కన మామను కూర్చోబెట్టుకుని నాచారం వెళ్ళాను. షాపు యజమాని సేఠ్ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను. సెలవు కాబట్టి షెడ్డులో ఎవరూ లేరు. మామను కుర్చీలో కూర్చోబెట్టి నా విద్య చూపించడం మొదలుపెట్టాను.

చూడండి, ప్రతి ఒక్కటీ పద్ధతి ప్రకారమే చేశాను. అదే నా వాదన. మంచి ముఖం మీద గీతలు పడకూడదని తలుపును బోర్లించి, వెనకవైపు కొలతలు గీశాను. మా పనిలో అంతే చేస్తాం. బిట్టు కిందికి దిగి మెషిన్ బల్లకు తగలకూడదని తలుపు కింద రెండు ఇనుప దిమ్మెలు పెట్టి గాలిలో లేపాను. మా పనిలో అంతే చేస్తాం. రంధ్రం అవతలి వైపు ఏమవుతోందో వంగి చూడలేదు. మా పనిలో చూడం. ఇనుముకు రంధ్రం పెడితే అవతలివైపు అంచు మీద కాస్త గరుకుగా లేస్తుంది, దాన్ని బర్ అంటాం. అన్ని రంధ్రాలూ అయ్యాక ఒకేసారి పలక తిప్పి ఆకురాయితో రాస్తే నున్నగా పోతుంది.

మెషిన్ ఆన్ చేశాను. బిట్టు టేకులోకి సర్రున దిగింది. ఆ సుఖం ఏం చెప్పమంటారు! అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, పక్కనున్న డబ్బా అందుకుని బిట్టు మీద తెల్లగా ధార పోసింది. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే నూనెనీళ్ళు అవి. కూలెంట్ అంటాం. చూడ్డానికి అచ్చం పాలలా ఉంటాయి.

మామ కుర్చీలోంచి లేచాడు. "అల్లుడా, పాలు పోస్తున్నవేంది?"

"పాలు గాదు మామా, కూలెంట్. వేడెక్కకుంట పోస్తరు."

"అట్లనా! దేవుని తలుపు గదా, అభిషేకం జేస్తున్నవేమో అనుకున్న" అని మామ చేతులు జోడించి నిలబడ్డాడు. నేనూ ఆపలేదు. రంధ్రానికొక అభిషేకం చొప్పున సాగించాను. కాసేపటికి వచ్చి పైనుంచి వేలు పెట్టి చూశాడు. అంచు నున్నగానే ఉంది.

"అబ్బ, సాఫ్‌గున్నది అల్లుడా! పెద్దల్లునికి ఇట్లాంటి పని ఏడొస్తది? వాని శెయ్యికి పెన్ను తప్ప తెల్వది."

ఆ క్షణాన నేను నేల మీద లేను. మెషిన్ ఆ పక్కన తిరుగుతోంది, నేను ఈ పక్కన తిరుగుతున్నాను. రెండు రెక్కలూ పూర్తయ్యాయి. మామ చాయ్ తెస్తానని బయటికి వెళ్ళాడు. నేను ఆకురాయి చేతపట్టుకుని, కూనిరాగం తీస్తూ మొదటి రెక్కను తిప్పాను.

రాగం మధ్యలోనే ఆగిపోయింది.

ఇనుములో బర్ అంటే ఎక్కువై పైకి లేచిన ఇనుము. రాసేస్తే పోతుంది. కట్టెలో ఎక్కువ రాదు, ఉన్నది ఊడిపోతుంది! ఈ ముక్క ఎవరైనా నాకు ముందు చెప్పారా? చెప్పాడు, హార్డ్‌వేర్ కొట్టాయన చెప్పాడు, అది వేరే సంగతి. కింద ఆసరా లేకపోయేసరికి బిట్టు బయటికొచ్చే చోటల్లా టేకు నార పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కొన్నిచోట్ల రంధ్రానికీ రంధ్రానికీ మధ్య పైపొర చీరుకుపోయి ఇరుగూ పొరుగూ కలిసి ఒకే కాపురం పెట్టాయి. కుక్కలు చింపిన విస్తరి దీనికంటే నయం. అదీ ఎటువైపు? గీతలు పడకూడదని నేను బోర్లించి కాపాడిన మంచి ముఖం వైపు!

ఆకురాయితో రాశాను. మిగిలిన పెచ్చులు కూడా లేచాయి. రెండో రెక్క తిప్పాను. అది మొదటిదానికి కవల పిల్ల.

అంతలో మామ చాయ్ తెస్తున్న చెప్పుల చప్పుడు వినబడింది. గబగబా రెండు రెక్కలనూ మళ్ళీ బోర్లించి దుప్పటి కప్పేశాను.

"అయిపోయిందా అల్లుడా? ఒక్కపారి సూడనియ్యి."

"సూడొద్దు మామా! గాలి తగలొద్దు. కూలెంట్ ఆరాలె. గృహప్రవేశం నాడే సూడాలె."

"గట్లనా" అన్నాడు మామ, పాపం, పసిపిల్లాడిలా.

రెక్కలు మా ఇంటికే తీసుకెళ్ళాను. లలిత దుప్పటి ఎత్తి చూసి, అక్కడే నేల మీద కూలబడింది.

"ఏందయ్యా ఇది? ఎలుకలు కొట్టినయా?"

"ఎలుకలు గాదు, డ్రిల్లు."

"ముందుగాల ఓ పాత చెక్క మీద కొట్టి సూడకపోతివా?"

"నాకు ట్రయలా? నేను..."

"ఉస్తాద్‌వి. తెలుసు. మా నాయినకు ఏం జెప్తవ్? ఆ చెట్టును కొట్టేటప్పుడు రెండు రోజులు అన్నం తినలే ఆయన."

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఇప్పుడనిపిస్తుంది, ఆ దీపం అప్పుడే ఎవరైనా ఊదేసి ఉంటే బాగుండేదని. "లలితా! ఎనక దిక్కు సాఫ్‌గ ఉన్నది గదా? తిప్పి బిగిస్త. ఎడమ రెక్క కుడికి, కుడి రెక్క ఎడమకు. మంచి మొఖం మనుషులకు, పగిలిన మొఖం దేవునికి!"

"దేవునికా?"

"దేవుడు అన్ని తెలిసినోడు. అర్థం జేస్కుంటడు. మీ బావ అర్థం జేస్కోడు."

లలిత ఆలోచించింది, తలూపింది. ఈ తలూపిన సంగతి ఆమె తర్వాత ఎప్పుడూ ఒప్పుకోలేదు. అందుకే మీ ముందు చెప్పి పెడుతున్నాను.

బందులు విప్పి, తిప్పి, నేనే వెళ్ళి తలుపు బిగించాను. కూలెంట్ తాగిన చోట రంధ్రాల చుట్టూ నల్లటి మచ్చలు తేలాయి, వార్నిష్ వేస్తే ఇంకా నల్లబడ్డాయి. "ఇది డిజైన్" అన్నాను. గంటలు వేలాడదీసి, తలుపులు దగ్గరగా వేసి, తాళం చెవి జేబులో పెట్టుకున్నాను. "వార్నిష్ ఆరేదాక ఎవ్వలు తెరవొద్దు, ముట్టొద్దు" అని ఇల్లంతా వినబడేలా చాటించాను.

గృహప్రవేశం రోజు వచ్చింది. ఇంటినిండా జనం. మూసి ఉన్న దేవుడి తలుపు ముందు చుట్టాలంతా నిలబడి మెచ్చుకున్నారు. మామ అందరి భుజాలూ తట్టి మరీ చెప్పాడు: "నా చెట్టు, నా చిన్నల్లుని పని! నాచారం ఉస్తాద్!" ప్రభాకర్ వంగి చూసి, "రంధ్రాల చుట్టు నల్లగ ఏంది తమ్మీ?" అన్నాడు.

"డిజైన్ అన్నా. మీ ఆఫీసుల ఉండది."

జనం నవ్వారు. నేను మనసులోనే పళ్ళెం ముందు కూర్చున్నాను, నల్లి వచ్చేసింది.

అయ్యగారు కర్పూరం వెలిగించి, "ఇక తలుపులు తెరవండమ్మా" అన్నారు. నేను రొమ్ము విరుచుకుని తాళం తీశాను. మామ ఒక రెక్క పట్టుకున్నాడు, అత్త ఒక రెక్క పట్టుకుంది. గంటలు గలగలమన్నాయి. రెక్కలు రెండూ బయటికి తెరుచుకుని, చెరో పక్కా గోడకు ఆనుకుని నిలబడ్డాయి.

ఇప్పుడు మీరు ఒక్కసారి లేచి, మీ ఇంట్లో దేవుడి తలుపు తెరిచి చూడండి. మూసి ఉన్నంతసేపూ బయటి ముఖం కనబడుతుంది. తెరిచారా, లోపలి ముఖమే మీకు ఎదురుగా ఉంటుంది! మనుషులు దండం పెట్టేది తలుపులు మూసి ఉన్నప్పుడా, తెరిచి ఉన్నప్పుడా? ఇంతమాత్రం నాకు ముందు తోచలేదు. లలితకూ తోచలేదు, ఇది కూడా చెప్పి పెడుతున్నాను.

హారతి వెలుగులో, ఊరి చుట్టాలందరి ముందూ, దేవుడికి అటొకటి ఇటొకటిగా, నేను చేసిన పని దేదీప్యమానంగా నిలబడింది. పెచ్చులు నీడలతో సహా కనబడుతున్నాయి. అయ్యగారి మంత్రం ఆగిపోయింది. వెనక ఎవరో ముసలమ్మ, "కొత్త తలుపుకు అప్పుడే చెదలు పట్టినయా బిడ్డా?" అంది.

లలిత నా చెవిలో పళ్ళు కొరికింది. "తిప్పకపోతే అయిపోతుండె! పగిలింది మూసినప్పుడే కనబడుతుండె. తెరిస్తే మంచి మొఖమే ఉంటుండె."

ప్రభాకర్ మాత్రం నెమ్మదిగా, తీరిగ్గా అడిగాడు. "తమ్మీ, గిది గూడ డిజైనేనా?"

మామ తెరిచిన రెక్క మీద చెయ్యి వేసి, లేచిన నారను వేలితో అదుముతూ నిలబడ్డాడు. నాకు అప్పుడు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది. హారతి పొగ అని కళ్ళు తుడుచుకున్నాను.

పూజ అయ్యాక ప్రభాకర్ మళ్ళీ రెడీమేడ్ మాట ఎత్తాడు. "ఇప్పటికైనా మారుద్దాం మామా, రేపే తెస్త."

మామ ఆయనకేసి తిరిగాడు. "చెట్టు నాది. అల్లుడు నావోడు. రెండూ మార్చేటివి గావు." ఆ మాటతో రెడీమేడ్ తలుపు ఏఎస్ రావు నగర్‌లోనే ఉండిపోయింది. కానీ నా ముఖం చూడకుండానే అన్నాడు ఆ మాట. నల్లి మీద ఆశ వదులుకున్నాను.

మర్నాడు షామియానా కింద దావత్. మెడ ముక్కకు సిద్ధపడి చివర కూర్చున్నాను. మామ గరిటెతో వచ్చాడు. ప్రభాకర్ అలవాటుగా పళ్ళెం ముందుకు జరిపాడు. మామ ఆయన్ను దాటేశాడు. పంక్తి అంతా దాటుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. గరిటెలోంచి మొత్తం గిన్నెలోనే పెద్ద నల్లిని రెండు వేళ్ళతో పైకెత్తి, ఒక కన్ను మూసి, అందులోంచి నన్ను చూడబోయాడు. మూలుగ అడ్డం ఉంది. పళ్ళెం అంచున టకటకా కొట్టాడు, మూలుగ నా అన్నం మీద పడింది. మళ్ళీ కన్ను పెట్టాడు. అవతలి నుంచి మామ కన్ను నాకు గుండ్రంగా కనబడింది.

"సూడు అల్లుడా" అన్నాడు పంక్తి అంతా వినేలా. "రంధ్రం అంటే గిట్లుండాలె. ఇటుకెల్లి సూసినా సాఫ్, అటుకెల్లి సూసినా సాఫ్. దేవుడు గీ యాటకు కూలెంట్ గూడ పొయ్యలే."

షామియానా కూలిపోతుందేమో అన్నంతగా నవ్వారు. ప్రభాకర్‌కు పొలమారింది. అత్త కూర గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. మామ ఆ నల్లిని నా పళ్ళెంలో పెట్టి, నా నెత్తిమీద చెయ్యి వేసి, "తిను చిన్నల్లుడా" అన్నాడు.

తిన్నాను! ఎందుకు తినను? వెక్కిరించి ఇచ్చినా నల్లి నల్లే. అందరూ చూస్తుండగా, అన్నం మీద పడ్డ మూలుగతో సహా, వీధి చివరి దాకా వినబడేలా జుర్రుకుని తిన్నాను. ప్రభాకర్ ఆరోజు మెడ ముక్క తిన్నాడు. సాఫ్‌గా ఉండే రెడీమేడ్ తలుపు తెచ్చి ఉంటే నాకా నల్లి దక్కేదా, మీరే చెప్పండి.

ఆ తలుపు ఇప్పటికీ ఉప్పల్‌లోని ఆ ఇంట్లోనే ఉంది. గంటలు మోగుతున్నాయి. కాబట్టి కన్నవారూ విన్నవారూ సాక్షులుగా, తూర్పు ముఖంగా నిలబడి, ఎంగిలి చెయ్యి కడుక్కుని మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కట్టెకు రంధ్రం పెట్టాల్సి వస్తే ముల్లున్న బిట్టే పెడతాను, కింద ఇంకో చెక్క బిగించే పెడతాను, కూలెంట్ డబ్బా కనుచూపు మేరలో ఉంచను. ఈ ముక్క మాత్రం ఆ హార్డ్‌వేర్ కొట్టాయన చెవిన వేయకండి. అప్పటికీ పగిలిందా, పగిలిన వైపే నలుగురికీ కనబడేలా ముందుకు పెట్టి బిగిస్తాను. చచ్చినా తలుపు తిప్పను. నా నల్లి మీద ఒట్టు.